బ్యాగు మీది బ్యాడ్జిని జబ్బుగా రాయకండి: చెన్నైలో తెలుగు కుటుంబాలను చూసే మనోవైద్యులకు బహిరంగ లేఖ

చెన్నైలో తెలుగు కుటుంబాలకు వైద్యం చేసే సైకియాట్రిస్టులకు, క్లినికల్ సైకాలజిస్టులకు, కాలేజీ కౌన్సెలర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను రాయపేటలో ప్రింటింగ్ షాపు నడుపుతాను. మా తాతగారి కాలంలో నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డాం. ఇందులో ఉన్న సంగతులన్నీ ముందు ఒక కాలేజీ యాజమాన్యానికీ, ఒక ప్రైవేటు క్లినిక్‌కూ విడివిడిగా రాసి ఇచ్చాను. అందినట్టు స్టాంపు వేసి ఇచ్చారు, అంతే. ఆ తర్వాత ఫోను లేదు, ఉత్తరం లేదు. అందుకని ఇప్పుడు మీ అందరికీ కలిపి రాస్తున్నాను. ఆ కాలేజీ పేరూ క్లినిక్ పేరూ రాయను. ఎవరో ఒక డాక్టరుగారిని బజారుకీడ్చితే నాకు ఒరిగేదేమీ లేదు. పిల్లలు తమ జెండర్ గురించి చెప్పిన మాటను జబ్బుగా రాసేసే అలవాటు చాలాచోట్ల పాతుకుపోయింది. అది మారాలి, నాకు కావలసింది అదే.

మా బిడ్డకు 19 ఏళ్లు. ఆటిజం ఉందని చిన్నప్పుడే తేలింది. డిసెబిలిటీ సర్టిఫికెట్ ఉంది, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు ఉంది. ఈ ఉత్తరం తను చదివి, రెండు పేరాలు కొట్టేసి, మిగతాది పంపమంది.

జరిగింది ఇది. గత ఏడాది కాలేజీలో చేరిన కొత్తల్లో, బ్యాగుకు పెట్టుకున్న బ్యాడ్జి ఏమిటని కౌన్సెలర్ పిలిచి అడిగారు. "నా జెండర్ జెండా" అంది. ఏ జెండర్ అంటే, "ఆటిజెండర్. జెనోజెండర్లలో ఒకటి. వాన పడబోయే ముందు మెరీనాలో సముద్రం ఒక రంగులోకి వస్తుంది కదా, నాకు నా జెండర్ అలా తెలుస్తుంది" అంది. కౌన్సెలర్‌గారికి భయం వేసింది. క్లినిక్‌కు పంపారు. అక్కడ ఓ పావుగంట మాటలయ్యాక చీటీ మీద ఇంగ్లీషులో రాసినదాని సారాంశం: తాను వాన అని నమ్ముతోంది, గొంతులు వినిపిస్తున్నాయని ఒప్పుకుంది. దాని కింద సైకోసిస్, అంటే ఏది నిజమో ఏది భ్రమో తెలియని జబ్బు, అని రాసి పక్కన ప్రశ్నార్థకం. దాని కింద మందు.

ఆ ప్రశ్నార్థకం చాలా చిన్నది. చీటీ కాలేజీ ఆఫీసుకు చేరేసరికి అది ఎవరి కంటికీ ఆనలేదు.

గొంతుల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవ అక్కడే ఉంది. "నీకు గొంతులు వినిపిస్తాయా?" అని అడిగారు. "వినిపిస్తాయి" అంది. "గదిలో ఎవరూ లేనప్పుడు కూడానా?" "ఔను." మాది పాతకాలపు లైన్ ఇల్లు. పక్క పోర్షన్‌లో టీవీ, మేడ మీద పిల్లలు, వీధిలో చేపలమ్మే ఆవిడ, అన్నీ గదిలో ఎవరూ లేనప్పుడే ఇంకా బాగా వినిపిస్తాయి. అడిగిన ప్రశ్నకు తను అక్షరాలా నిజం చెప్పింది. ఆటిజం ఉన్నవాళ్లు ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు తీసుకుంటారనీ, ఈ గొంతుల ప్రశ్న దగ్గరే తప్పుడు నిర్ధారణలు జరుగుతుంటాయనీ మీ పుస్తకాల్లోనే రాసి ఉంది. "ఎవరి గొంతు? ఏమంటుంది?" అని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది.

ఇక వాన. తాను వాన అని మా బిడ్డ నమ్మడం లేదు. వానకు గొడుగు పట్టుకునే వెళుతుంది. "నువ్వు నిజంగా వానవా?" అని తర్వాత వేరే డాక్టరుగారు అడిగితే, "అదెలా కుదురుతుందండీ" అని నవ్వింది. ఆవిడ ఆ నవ్వును కూడా కేసు షీటులో రాసుకున్నారు. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఆవిడ కూడా మీ వృత్తిలోని మనిషే, ఈ ఊరి మనిషే. ఆవిడకు పట్టింది కొంచెం ఎక్కువ సమయం, ఒక కాగితం, ఒక పెన్సిలు.

జెనోజెండర్ అంటే ఏమిటో మీలో చాలామంది విని ఉండరు. మా బిడ్డ చెబితే నేనూ విన్నాను. 2014లో టంబ్లర్ అనే సైట్‌లో ఒక యూజర్ మొదలుపెట్టిన పేరు ఇది. ఆడ, మగ, ఆ రెంటి మధ్య, ఆ రెంటికీ బయట అన్న కొలతలతో తమ జెండర్‌ను చెప్పుకోలేనివాళ్లు జంతువులతో, మొక్కలతో, నక్షత్రాలతో, శబ్దాలతో, రంగులతో చెప్పుకుంటారు. క్యాట్‌జెండర్, స్టార్‌జెండర్ అంటూ ఇందులో బోలెడు పేర్లున్నాయి. ఆటిజెండర్ అన్నది కొంచెం వేరు. తన ఆటిజాన్ని పక్కన పెట్టి తన జెండర్‌ను అర్థం చేసుకోలేను అనేవాళ్లు ఆ పేరు వాడతారు. దానికి దగ్గరదే జెండర్‌వేగ్. దాని గురించి లిడియా ఎక్స్. జెడ్. బ్రౌన్ అనే అమెరికన్ హక్కుల కార్యకర్త 2016లో రాశారు, ఆయనా ఆవిడా అని చెప్పించుకోని మనిషి, ఆటిజం ఉన్న మనిషి. అబ్బాయిలు ఇలా ఉంటారు, అమ్మాయిలు ఇలా ఉంటారు అని మిగతా పిల్లలు చూసి నేర్చేసుకునే పాఠం ఈ పిల్లలకు సగమే ఎక్కుతుంది. ఎక్కని సగాన్ని తమకు తెలిసిన భాషలో, అంటే రంగులో, చప్పుడులో, స్పర్శలో పూరించుకుంటారు. నాకు అర్థమైనంత ఇది.

ఇది గాలి మాట కూడా కాదు. కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఆరు లక్షల మందికి పైగా వివరాలు తీసుకుని 2020లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. పుట్టినప్పుడు రాసిన జెండర్‌తో సరిపడనివాళ్లలో ఆటిజం ఉండే అవకాశం మిగతావాళ్లకంటే 3 నుంచి 6 రెట్లు ఎక్కువని అందులో తేలింది. కాబట్టి ఆటిజం ఉన్న పిల్ల మీ గదిలోకి వచ్చి జెండర్ గురించి వింతగా మాట్లాడితే, అది మీరు ఎదురుచూడాల్సిన సంగతే.

ఈ జెనోజెండర్ వ్యవహారాన్ని క్వీర్ సమూహాల్లోనే, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ మనుషులు ఉండే సమూహాల్లోనే, ఒప్పుకోనివాళ్లున్నారు. ట్రాన్స్ మనుషుల అసలు కష్టాలను ఇది నవ్వులపాలు చేస్తుందని వాళ్ల బాధ. అందులో నిజం లేకపోలేదని నాకు అనిపిస్తుంది. ఈ విషయం మీద మా ఇంట్లో భోజనాల దగ్గర గట్టిగానే వాదనలు జరిగాయి. మీరు దీన్ని నమ్మాలనీ, మెచ్చుకోవాలనీ నేను అడగడం లేదు. నమ్మకపోయినా ఫరవాలేదు. నమ్మని సంగతిని జబ్బు ఖాతాలో రాయకండి.

జెండా గురించి కూడా చెప్పనివ్వండి. ఇది నా వృత్తి. శాటిన్ గుడ్డ మీద పార్టీ జెండాలు వేయడంతోనే నా జీవితం సగం గడిచింది. ఈ ఊళ్లో జెండా కట్టని కరెంటు స్తంభం చూపించండి చూద్దాం. ద్రావిడ కళగం మనిషికి నల్లటి గుడ్డ మధ్యలో ఎర్రటి వృత్తం వేసి ఇచ్చినప్పుడు ఆ మనిషిని ఎవరూ క్లినిక్‌కు పంపలేదు. రంగుకు అర్థం మనుషులే ఇస్తారు, మనుషులే మారుస్తారు. మన పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడలో గాంధీగారికి ఇచ్చిన జెండాలో ఉన్నవి రెండే రంగులు, ఎరుపూ ఆకుపచ్చా, హిందువులకొకటి, ముస్లింలకొకటి. మిగతా వాళ్లకోసం తెలుపు కలపమన్నారు గాంధీగారు. 1931కి కాంగ్రెస్ ఎరుపు తీసి కాషాయం పెట్టి, ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని ప్రకటించింది. గుడ్డ దాదాపు అదే, అర్థం మారింది.

క్వీర్ సమూహాల ఇంద్రధనుస్సు జెండా కథ మా ప్రింటర్లకు మరీ ఇష్టం. 1978 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ ఎగరేసిన జెండాకు ఎనిమిది చారలు. ఎరుపు ప్రాణానికి, నారింజ స్వస్థతకు, పసుపు సూర్యకాంతికి, ఆకుపచ్చ ప్రకృతికి, టర్క్వాయిజ్ అనే నీలి ఆకుపచ్చ మాయకూ కళకూ, ఇలా. గమనించండి, ఇందులో ఒక్క చార కూడా ఫలానా రకం మనిషి అని చెప్పదు. ఆ ఎనిమిదిలో ముదురు గులాబీ ఒకటి. తర్వాత గిరాకీ పెరిగితే ఆ రంగు గుడ్డ దొరకలేదు, ఆ చార పోయింది. 1979లో చారల లెక్క సరి సంఖ్యకు రావాలని టర్క్వాయిజ్ కూడా తీసేశారు. ఇవాళ ప్రపంచమంతా ఎగిరే ఆరు చారల జెండా సగం గుడ్డల కొట్టు పుణ్యమే. మోనికా హెల్మ్స్ 1999లో చేసిన ట్రాన్స్ జెండాను నీలం, గులాబీ, తెలుపు, గులాబీ, నీలం వరుసలో పెట్టారు. తలకిందులుగా కట్టినా అది సరైన జెండానే. పని తెలిసినవాళ్ల ఆలోచన అది. ఆడా మగా అన్న రెంటిలో ఇమడనివాళ్ల నాన్‌బైనరీ జెండా చేసిన కై రోవన్‌కు 2014లో 17 ఏళ్లు. అందులో పసుపు ఆడా మగా అన్న రెంటికీ బయట ఉన్నవాళ్లకు, తెలుపు అనేక జెండర్లున్నవాళ్లకు, ఊదా ఆడా మగా రెండూ కలిసినవాళ్లకు, నలుపు అసలు జెండర్ లేదనుకునేవాళ్లకు.

ఆటిజెండర్‌కు నెట్‌లో జెండాలు ఒకటికి మించి తిరుగుతున్నాయి. మా బిడ్డకు ఏదీ నచ్చలేదు. నా షాపులో కోరల్‌డ్రా ముందు కూర్చుని తనే గీసుకుంది. పైన సీసం రంగు, ఈశాన్య రుతుపవనం ముందటి మబ్బు. దాని కింద మురికి ఆకుపచ్చ, ఆ మబ్బు కింది సముద్రం. అట్టడుగున తడి ఇసుక రంగు, "నేను నిలబడే చోటు" అంది. సముద్రానికీ ఇసుకకూ మధ్య సన్నటి పసుపు గీత, నాన్‌బైనరీ జెండా నుంచి తెచ్చుకున్నది. మధ్యలో బంగారు రంగులో అనంతం గుర్తు, పడుకోబెట్టిన ఎనిమిది అంకెలాగా. రంగురంగుల అనంతం గుర్తు 2005లో మొదలైన ఆటిస్టిక్ ప్రైడ్ డే నుంచి వచ్చింది. దాన్ని ఆటిజానికి ప్రత్యేకంగా వాడేటప్పుడు బంగారు రంగు వేస్తారు. రసాయనశాస్త్రంలో బంగారం గుర్తు ఏయూ, ఆటిజం ఇంగ్లీషు స్పెల్లింగు మొదలయ్యేదీ ఆ అక్షరాలతోనే. నాలుగు రంగుల అచ్చులో బంగారం రాదు, ఆవపిండి రంగు వస్తుంది. తను ఒప్పుకోలేదు. ఆ గుర్తు ఒక్కదానికీ వేరే స్క్రీన్ కట్టి, మెటాలిక్ ఇంకుతో వేయించుకుంది. ఇంత ఓపికగా, ఇంత లెక్కగా ఒక్కో రంగుకూ కారణం చెప్పగలిగిన పిల్ల గురించి "ఆలోచనలో పొంతన లేదు" అని రాశారు.

కోర్టులూ చట్టాలూ మీకు నాకంటే బాగా తెలుసు. క్లుప్తంగా గుర్తు చేస్తాను. తన జెండర్ ఏమిటో తానే చెప్పుకునే హక్కును ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చిన 2014 ఏప్రిల్ 15 నాటి నల్సా తీర్పులో సుప్రీంకోర్టు గుర్తించింది. అది జెనోజెండర్ గురించిన తీర్పు కాదన్నది నాకూ తెలుసు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 3వ సెక్షన్ అయితే నేరుగా మీకోసమే ఉంది. ఒక మనిషి తన సమాజంలో చెలామణీలో ఉన్న నైతిక, సామాజిక, సాంస్కృతిక విలువలకు తగ్గట్టు లేడన్న కారణంతో మానసిక జబ్బు ఉందని తేల్చకూడదంటుంది అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల జాబితాలో జెండర్ సరిపడకపోవడాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేశారు.

మన ఊరి హైకోర్టు సంగతికొస్తే, 2021 జూన్ 7న జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన ఉత్తర్వులు మీలో చాలామంది చదివే ఉంటారు. లైంగికతనూ జెండర్‌నూ "నయం చేసే" ప్రయత్నాలను నిషేధించి, అలా చేసేవాళ్ల లైసెన్సు మీద కూడా చర్య తీసుకోవాలన్నారు. ఆ కేసు కొనసాగింపులోనే 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ కన్వర్షన్ థెరపీని, అంటే ఇలా "నయం చేసే" ప్రయత్నాన్ని, వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. నన్ను ఎక్కువ కదిలించింది వేరే సంగతి. ఈ విషయాలు తనకు సరిగ్గా తెలియవని ఒక హైకోర్టు న్యాయమూర్తి ఒప్పుకుని, సైకాలజిస్టు ముందు కూర్చుని నేర్చుకుని, ఆ తర్వాతే తీర్పు రాశారు. తెలియదన్న మాట కోర్టు రికార్డులోకి ఎక్కినప్పుడు కేస్ షీటులోకి ఎక్కడానికి అడ్డేమిటి?

పావుగంటలో రాసిన రెండు వాక్యాల వల్ల మామూలు మనుషుల ఇళ్లలో ఏం జరుగుతుందో ఇప్పుడు చెబుతాను.

1. మందు. నేను మందులకు వ్యతిరేకిని కాను. ఆటిజం ఉన్న పిల్లల్లో విపరీతమైన చిరాకుకు రిస్పెరిడోన్ లాంటివి కొందరికి మేలు చేస్తాయని విన్నాను. కానీ లేని సైకోసిస్‌కు వేసుకున్న మందు మా బిడ్డను మధ్యాహ్నం దాకా మంచం మీద పడేసింది. ఒళ్లు పెరిగింది. పొద్దుటి క్లాసులు పోయాయి, హాజరు తగ్గింది, ఒక సెమిస్టర్ చేజారింది. ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పడం ఆటిజం ఉన్నవాళ్లకు మామూలుగానే కష్టం, "బాగోలేదు" అన్న మాట రావడానికి కూడా మాకు చాలా కాలం పట్టింది. రెండో డాక్టరుగారు మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పించారు. అందరికీ రెండో డాక్టరు దొరకరు. విసిగిపోయి ఒక్కసారిగా మానేసేవాళ్లు ఉంటారు, అది ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు.

2. కాగితం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. పరీక్షలో అదనపు సమయం, కావాలంటే రాసిపెట్టే మనిషి, దాని మీదే వస్తాయి. ఆటిజాన్ని ఐఎస్ఏఏ అనే స్కేలుతో కొలుస్తారు, మానసిక జబ్బు వల్ల వచ్చే వైకల్యాన్ని ఐడియాస్ అనే వేరే స్కేలుతో. ఫైల్లోకి కొత్త పేరు చేరగానే కాలేజీ ఆఫీసు, "అసలు మీ పిల్లకు ఉన్నది ఏది? అది తేల్చుకుని రండి" అంది. అది తేలేదాకా అదనపు సమయం ఆపేశారు. హాస్టల్‌లో సీటు ఇవ్వడానికి "ఫిట్‌నెస్" కాగితం కావాలన్నారు. ఆ కాగితం ఇవ్వాల్సింది మళ్లీ ఆ చీటీ రాసిన చోటే.

3. రైలెక్కి వచ్చేవాళ్లు. నాకు ఈ ఊరు తెలుసు, తమిళం వచ్చు, షాపు ఒక రోజు మూసుకోగలను. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి నుంచి పొద్దుటి బండికి సెంట్రల్‌లో దిగి, ఓపీ చీటీ రాయించుకుని, సాయంత్రం బండికి తిరిగి వెళ్లేవాళ్ల సంగతి ఆలోచించండి. పిల్ల తెలుగులో అన్నది తండ్రి వచ్చీరాని తమిళంలో జూనియర్‌కు చెబుతాడు, జూనియర్ ఇంగ్లీషులో రాస్తారు. వాళ్లు మళ్లీ రారు. మీరు రాసినదే వాళ్ల ఊళ్లో చివరి మాట. అక్క పెళ్లి సంబంధం దగ్గర అది బయటికొస్తుంది, మేనమామ తాయెత్తు కట్టిస్తాడు, పిల్లను చదువు మాన్పిస్తారు. నా షాపుకు పెళ్లి కార్డుల కోసం వచ్చే చుట్టాల నోట నేను ఇలాంటివి విన్నాను కాబట్టి రాస్తున్నాను.

4. నోరు మూసుకోవడం. అన్నిటికంటే నాకు భయం ఇదే. మా బిడ్డ ఆ పావుగంటలో ఒక పాఠం నేర్చుకుంది: డాక్టరు ఏమడిగినా "లేదు" అనాలి. నిద్ర పడుతోందా అంటే పడుతోంది. భయంగా ఉందా అంటే లేదు. ఆటిజం ఉన్నవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు మిగతావాళ్లకంటే ఎక్కువని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. రేపు నిజంగానే ఆపద వస్తే ఈ పిల్ల మీకు నిజం చెబుతుందా? చెప్పినవాళ్లకు శిక్ష పడుతుందని మీరే నేర్పాక, చెప్పలేదని ఎవరిని నిలదీస్తాం?

5. నిజంగా సైకోసిస్ ఉన్నవాళ్లు. ఆ చీటీ సంగతి క్లాసులో తెలిశాక మా బిడ్డను "కీల్పాక్ కేసు" అన్నారు. 1794 నుంచి ఈ ఊరి రోగులను చూస్తున్న, ఇప్పుడు కీల్పాక్‌లో ఉన్న మానసిక ఆసుపత్రి పేరు మన నోళ్లలో తిట్టయిపోయింది. ఆ జబ్బు నిజంగా ఉండి, మందు వేసుకుంటూ చదువుకునే పిల్లలు ఆ క్లాసులోనే ఉండి ఉంటారు. ఆ తిట్టు వాళ్ల చెవినా పడింది.

కాబట్టి అడుగుతున్నాను. ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు. 6వ దానికి తప్ప కమిటీ కూడా అక్కర్లేదు.

1. పిల్ల అన్న మాటను, అన్న భాషలోనే, కొటేషన్లలో రాయండి. మీకు అర్థమైనది దాని పక్కన వేరేగా రాయండి. మాకు తెలుగు రాయడం రాదంటారా, పిల్ల చేతికే కాగితం ఇవ్వండి.

2. ఫైల్లో ఆటిజం ఉన్నప్పుడు "ఔను" అన్న జవాబును అక్కడితో వదిలేయకండి. ఎవరి గొంతు, ఎప్పుడు, ఏమంటుంది, అది నిజమా నీ ఊహా అని నీకు అనిపిస్తుంది? ప్రశ్నలు రాసి ఇచ్చి, జవాబుకు సమయం ఇవ్వండి. మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు కింద, పదిమంది నిలబడి చూస్తుండగా అడగకండి.

3. వింత మాట విన్నప్పుడు నమ్మకమేనా, పోలికా అని తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి. నిద్ర, తిండి, చదువు, భయం, పట్టుదలగా మారని నమ్మకం, ఇవన్నీ చూడండి. నిజంగా జబ్బు ఉంటే తప్పకుండా వైద్యం చేయండి, జెనోజెండర్ పేరు చెప్పి తప్పించుకోవడానికి ఎవరూ రావడం లేదు. జెండర్ మాట ఒక్కటే ఆధారమైతే మాత్రం మందు రాయకండి.

4. పాత డాక్టరుకు ఒక ఫోను చేయండి. మా దగ్గర పదేళ్ల రికార్డు ఉంది, సంచిలో తీసుకెళ్లాం. తెరవలేదు.

5. కాలేజీకి ఏం పంపాలో పిల్లతో మాట్లాడాకే పంపండి. 2017 చట్టమే గోప్యతను హక్కుగా ఇచ్చింది. కాలేజీకి కావలసింది పరీక్షలో ఏ సాయం ఇవ్వాలన్నది. జెండర్ గురించి ఏం చెప్పిందన్నది ఆఫీసు గుమస్తా చదవాల్సిన విషయం కాదు. రికార్డు నకలు అడిగితే ఇవ్వండి, అందులో తప్పుందని రాసి ఇస్తే ఆ కాగితాన్ని కూడా అదే ఫైల్లో కుట్టండి. మా విషయంలో ఈ రెండూ ఇప్పటికీ జరగలేదు, జరగాలి.

6. తెలుగులో ఒక పేజీ. ఎల్‌జీబీటీక్యూ పదాలకు తమిళంలో గౌరవంగా ఏమనాలో కోర్టు చెబితే తమిళనాడు ప్రభుత్వం 2022 ఆగస్టులో గెజిట్‌లో పదకోశమే అచ్చు వేసింది. సరిహద్దు దాటి వచ్చే తెలుగు తల్లిదండ్రుల చేతిలో పెట్టడానికి మేము తిరిగిన చోట్ల ఒక్క తెలుగు కాగితం కనిపించలేదు. జెండర్ అంటే ఏమిటి, ఆటిజం అంటే ఏమిటి, సైకోసిస్ అంటే ఏమిటి, ఈ మూడూ ఒకటి కాదు అని, పదో తరగతి చదివిన నాన్నకు అర్థమయ్యేలా ఉండాలి.

7. కాలేజీ కౌన్సెలర్లకు ప్రత్యేకంగా: బ్యాడ్జి, జెండా, జుట్టు రంగు ఆసుపత్రికి పంపడానికి కారణాలు కావు. పిల్ల తిండి మానేసిందా, క్లాసుకు రావడం మానేసిందా, ఏడుస్తోందా? అప్పుడు పంపండి. మా బిడ్డ ఆ రోజు నవ్వుతూ చెప్పింది.

కాలేజీ యాజమాన్యాలకు కూడా ఒక మాట. విచారణలో ఉన్న సంగతిని రుజువైన జబ్బులా చూసి ఆపేసిన పరీక్ష సమయాన్ని, హాస్టల్ సీటును తిరిగి ఇప్పించండి. మా ఒక్కరికే కాదు, మీ ఫైళ్లలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో మీరే తీసి చూడండి.

6వ అంశంలో అడిగిన పేజీని మీలో ఎవరైనా నలుగురు కూర్చుని రాసి ఇస్తే అచ్చు ఖర్చు నాది. ప్రూఫు మా బిడ్డ చూస్తుంది, అక్షరం తప్పు పోనివ్వదు. కొత్త విద్యా సంవత్సరానికి అడ్మిషన్లు మొదలయ్యేలోపు చేతికొస్తే సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు దిగే లాడ్జీలకూ, మీ ఓపీ కౌంటర్లకూ నేనే తెచ్చి పెడతాను. జవాబు ఈ ఉత్తరం ప్రచురించినవారికి పంపితే నాకు చేరుతుంది.

ఇట్లు,
ఒక తండ్రి,
రాయపేట, చెన్నై